హార్లెమ్ మూల మీద శామ్యూల్ బ్యాటిల్ పేరు: ఒక్క బోర్డుతో సరిపెట్టేస్తారా?

హడ్సన్_గాలి
మొన్న శనివారం న్యూయార్క్ హార్లెమ్ పేటలో షోంబర్గ్ సెంటర్ (నల్లజాతి చరిత్ర గ్రంథాలయం) చూద్దామని 2వ నంబరు రైలెక్కి 135వ వీధి స్టేషన్లో దిగాను. మెట్లెక్కి పైకొస్తే లెనాక్స్ అవెన్యూ మూల. అక్కడ ఒక బోర్డు మీద ‘శామ్యూల్ జె. బ్యాటిల్ ప్లాజా’ అని ఉంది. పదకొండేళ్ల నుంచి ఈ ఊళ్లోనే ఉంటున్నాను, ఆ పేరు ఎప్పుడూ వినలేదు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దర్ని అడిగితే వాళ్లకీ తెలియదన్నారు. ఫోన్ తీసి గోడకానుకుని చదవడం మొదలుపెట్టాను. షోంబర్గ్ సంగతే మర్చిపోయాను.

న్యూయార్క్ పోలీసు శాఖలో మొదటి నల్లజాతి ఆఫీసర్ ఆయన. 1911 జూన్ 28న చేరాడు. 1926లో సార్జెంట్, 1935లో లెఫ్టినెంట్, రెండు హోదాల్లోనూ నల్లవాళ్లలో ఆయనే మొదటివాడు. 1941లో పెరోల్ కమిషనర్ (ఖైదీల ముందస్తు విడుదల చూసే అధికారి) అయ్యాడు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. నన్ను అక్కడ నిలబెట్టేసింది మాత్రం వేరే సంగతి. మొదట పోస్టింగ్ ఇచ్చిన 68వ వీధి స్టేషన్లో తోటి పోలీసులు ఆయనతో మాట్లాడటమే మానేశారు. మాట్లాడలేదు, అంతే. నెలల తరబడి. రాత్రి రిజర్వు డ్యూటీలో అందరూ పడుకునే హాల్లో ఆయనకు మంచం లేదు. పై అంతస్తులో జెండాలు దాచే గది ఉంటే అక్కడ ఒక్కడే పడుకునేవాడు.

ఆ మూలకు ఆయన పేరు 2009లో పెట్టారు. పేరు తప్ప అక్కడ ఒక్క ముక్క లేదు. ఏం చేశాడో, ఏం పడ్డాడో దారినపోయేవాళ్లకి ఎలా తెలుస్తుంది? దీన్ని గౌరవించడం అంటారా?

కృష్ణలంక_రాణి
జెండాల గది దగ్గర ఆగిపోయాను. ఆ ముక్క ఇంకోసారి చదివాను.

నిడదవోలు_నాని
చిన్న సవరణ. ‘మొదటి’ అన్నప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి. బ్రూక్లిన్ 1898 దాకా విడి నగరం, దానికి విడి పోలీసు శాఖ. అక్కడ 1891లోనే వైలీ ఓవర్టన్ అనే నల్లజాతి ఆఫీసర్ చేరాడు. ఆయన్నీ ఇలాగే వెలేశారు, ఎక్కువ కాలం నిలవనివ్వలేదు. 1892లో మోజెస్ కాబ్ చేరాడు. ఈ కాబ్ ఎవరనుకున్నారు? మన బ్యాటిల్‌కి స్వయానా బావ. అక్క మొగుడు. బ్రూక్లిన్‌తో సహా ఐదు బరోలూ (నగర భాగాలు) కలిసి ఒక్క న్యూయార్క్ అయ్యాక ఆ పెద్ద శాఖలోకి పరీక్ష రాసి వచ్చిన మొదటివాడు బ్యాటిల్. బోర్డు పెట్టేవాళ్లు ఓవర్టన్‌నీ కాబ్‌నీ మర్చిపోతే అదీ అన్యాయమే.

హడ్సన్_గాలి
నాని గారూ, ఒప్పుకుంటున్నాను. బావ సంగతి నాకు తెలియదు. ఇంట్లో ఒక మనిషి ఆ యూనిఫాం వేసుకోవడం చూసి ఉన్నాడన్నమాట. ఎన్ని కష్టాలుంటాయో తెలిసే దిగాడు.

జెర్సీ_పంతులు
ఈయన గురించి నేను కొంత చదివాను కాబట్టి పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పుట్టింది 1883లో, నార్త్ కరోలినాలోని న్యూ బెర్న్. అమ్మానాన్నలిద్దరూ బానిసలుగా బతికి బయటపడ్డవాళ్లే. నాన్న మెథడిస్ట్ పాస్టర్. పుట్టినప్పుడే 16 పౌన్ల బరువట. కుర్రతనంలో పనిచేసే చోట యజమాని సేఫ్‌లోంచి డబ్బు తీసి దొరికిపోయాడు. ‘ఏడాది తిరిగేలోగా నువ్వు జైల్లో ఉంటావు’ అన్నాడట ఆ యజమాని. ఆ మాటే మనసులో గుచ్చుకుంది. ఇక తప్పుదారి తొక్కనని ఒట్టు పెట్టుకుని ఉత్తరాదికి వచ్చేశాడు.

న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో రెడ్‌క్యాప్. అంటే ఎర్రటోపీ పెట్టుకుని ప్రయాణికుల సామాను మోసే పని, మన స్టేషన్లలో ఎర్రచొక్కా కూలీల్లాగే. పగలంతా పెట్టెలు మోసి, దొరికిన టైంలో పోలీసు పరీక్షకు చదివాడు. పాసయ్యాడు. అప్పుడు వైద్య పరీక్షలో పోలీసు డాక్టరు గుండెలో ఏదో శబ్దం ఉందని రాసి తీసేశాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, రోజూ ట్రంకుపెట్టెలు ఎత్తేవాడు. ఊళ్లోని నల్లజాతి పెద్దలు గట్టిగా పట్టుబడితే మళ్లీ పరీక్ష చేశారు. గుండె నిక్షేపంగా ఉందని తేలింది. ఆ శబ్దం ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు.

అందుకే నాకు ఆ బోర్డు చిన్నదిగా అనిపించదు. పేరంటూ కళ్లబడింది కాబట్టే కదా హడ్సన్ గారు వెతికారు, మనమంతా ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం?

చింతచిగురు
16 పౌన్లంటే ఏడు కేజీల పైమాటే! ఆ తల్లికి దండం పెట్టాలి ముందు. బోర్డు ఆవిడ పేరున పెట్టినా తప్పులేదు.

కృష్ణలంక_రాణి
నా చిన్నోడు మూడున్నర కేజీలకే నాకు చుక్కలు చూపించాడు. చిగురు గారి మాటకు నా ఓటు.

ఓరుగల్లు_పోరగాడు
నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి. ‘మొదటి నల్లజాతి పోలీసు’ అని పేరు పెట్టి చప్పట్లు కొట్టేస్తే శాఖ మారిపోయినట్టా? అదే ఊళ్లో, ఆ బోర్డు పెట్టిన రెండేళ్లకి, 2011లో ఏం జరిగింది? న్యూయార్క్ పోలీసులు ఆ ఒక్క ఏడాదిలో 6,85,724 సార్లు జనాన్ని దారిలో ఆపారు, చాలామందిని సోదా కూడా చేశారు. ఆగినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్లే. 2013లో ఫెడరల్ కోర్టు, ఇలా చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పాల్సొచ్చింది. ఒక మనిషి గొప్పతనాన్ని శాఖ తన గోడకు తగిలించుకోవడం నాకు నచ్చదు. ఆయన మీద గౌరవం లేక కాదు, ఉంది కాబట్టే అంటున్నాను.

హడ్సన్_గాలి
పోరగాడు గారూ, ఆ బోర్డు పెట్టింది పోలీసు శాఖ కాదు, నగరం. కానీ మీ బాధ అర్థమైంది. ఆ బోర్డు కింద నిలబడ్డ ఒక పదహారేళ్ల కుర్రాణ్ణి ఆపి జేబులు తడిమి ఉంటే, వాడికి బ్యాటిల్ ఎవరైతే ఏం?

జెర్సీ_పంతులు
పదహారేళ్ల కుర్రాడు అన్నారు కాబట్టి ఇది చెప్పాలి.

1935 మార్చి 19. హార్లెమ్ 125వ వీధిలో క్రెస్ అనే పెద్ద దుకాణం. లీనో రివేరా అని ప్వెర్టోరికో కుర్రాడు, సరిగ్గా 16 ఏళ్లు, ఒక చిన్న మడతకత్తి జేబులో వేసుకుంటూ దొరికాడు. దుకాణం వాళ్లు పట్టుకున్నారు, పెనుగులాట అయింది, చివరికి పోలీసులు కేసు లేకుండా వెనకదారిలోంచి పంపేశారు. కానీ ముందు నిలబడ్డ జనానికి కుర్రాడు కనిపించలేదు. ‘లోపల కొట్టి చంపేశారు’ అని పుకారు లేచింది. సాయంత్రానికి అద్దాలు పగలడం మొదలైంది. ఆ రాత్రి ముగ్గురు చచ్చిపోయారు.

అర్ధరాత్రి దాటాక కుర్రాణ్ణి వాళ్లింట్లో కనిపెట్టి తీసుకొచ్చారు. బతికే ఉన్నాడని జనానికి చూపించాలి. ఎవరి పక్కన నిలబెట్టి ఫొటో తీస్తే జనం నమ్ముతారు? అప్పటికి లెఫ్టినెంట్ అయి కొద్ది నెలలే అయిన బ్యాటిల్ పక్కన. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది, వెతికి చూడండి. పెద్ద మనిషి, పక్కన బక్కపల్చటి కుర్రాడు.

నేను దాన్ని చాలాసేపు చూశాను. ఆ ఒక్క రాత్రి, హార్లెమ్ నమ్మే మొహం శాఖకు కావాల్సి వచ్చింది. 24 ఏళ్ల కిందట అదే మొహానికి హాల్లో మంచం ఇవ్వలేదు.

ఓరుగల్లు_పోరగాడు
అదే నేను అనేది పంతులు గారూ. అవసరమొచ్చినప్పుడు ముందు నిలబెట్టారు. మీ కథ నా వైపే మాట్లాడుతోంది.

జెర్సీ_పంతులు
సగం మీ వైపే. మిగతా సగం ఏంటంటే, ఆ కుర్రాడు బతికున్నాడన్నది నిజం. ఆ నిజం చెప్పడానికి ఆయన వాడుకోబడ్డాడనే అనుకుందాం. చెప్పకుండా ఉంటే ఇంకెంతమంది చచ్చేవాళ్లు? 1943 ఆగస్టులో మళ్లీ అదే జరిగింది. ఒక హోటల్లో నల్లజాతి సైనికుణ్ణి పోలీసు కాల్చాడు. మనిషి చావలేదు, గాయపడ్డాడు. చచ్చిపోయాడని పుకారు పాకి హార్లెమ్ తగలబడింది, ఆరుగురు పోయారు. మేయర్ లాగార్డియా పిలిస్తే బ్యాటిల్ వెళ్లాడు, అప్పటికి ఆయన పోలీసు శాఖలో కూడా లేడు.

అట్లాంటా_శిరీష
మా ఊరి సంగతి కూడా ఈ దారంలో ఉండాలి. అట్లాంటాలో 1948 ఏప్రిల్లో ఎనిమిది మంది నల్లజాతి పోలీసులను మొదటిసారి తీసుకున్నారు. తెల్లవాళ్లను అరెస్టు చేసే హక్కు వాళ్లకు లేదు. పోలీసు హెడ్‌క్వార్టర్స్‌లో అడుగుపెట్టే వీలూ లేదు. బట్లర్ వీధిలోని వైఎంసీఏ కింద నేలమాళిగలో బట్టలు మార్చుకుని అక్కణ్ణుంచే డ్యూటీకి వెళ్లేవాళ్లు. 1911లో అటక, 1948లో నేలమాళిగ. 37 ఏళ్లలో వచ్చిన మార్పు ఇంత.

అదే శాఖకు 1994లో బెవర్లీ హార్వర్డ్ చీఫ్ అయ్యారు. అమెరికాలో ఒక పెద్ద నగర పోలీసు శాఖను నడిపిన మొదటి నల్లజాతి స్త్రీ. నాకు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పినప్పుడే ఒళ్లు జలదరిస్తుంది. ఆవిడ పేరు ఒక్కటే చెబితే అంత అనిపించదు.

హ్యూస్టన్_మామ
ఇక్కడ మా వైపు నుంచి లీ బ్రౌన్. 1982లో హ్యూస్టన్‌కు మొదటి నల్లజాతి పోలీసు చీఫ్‌గా వచ్చాడు. అంతకుముందు అట్లాంటాలో ప్రజాభద్రతా కమిషనర్, పిల్లల హత్యలు జరిగిన ఆ భయంకరమైన రోజుల్లో. తరవాత 1990లో న్యూయార్క్ పోలీసు కమిషనర్. మళ్లీ వచ్చి 1998 నుంచి 2004 దాకా హ్యూస్టన్ మేయర్. పొలం పనులు చేసుకునే ఇంట్లోంచి వచ్చి, బర్క్‌లీలో డాక్టరేట్ చేసిన మనిషి.

నేను 1999లో ఇక్కడ దిగాను. అప్పటికే మా అపార్ట్‌మెంట్ల వైపు తిరిగే ఆఫీసర్‌కి మా పేర్లు తెలుసు. మా ఆవిడకు డ్రైవింగ్ రాని రోజుల్లో, కిరాణా సంచులతో నడిచొస్తుంటే కారాపి ‘అంతా క్షేమమేనా’ అని అడిగి వెళ్లేవాడు. పోలీసు అంటే కేసు పడ్డాక వచ్చేవాడు కాదు, ముందే పేటలో తిరిగి మనుషుల్ని తెలుసుకోవాలి అన్నది బ్రౌన్ చీఫ్‌గా ఉన్నప్పుడు ఇక్కడ పెట్టిన పద్ధతి. మాకు తెలియకుండానే దాని నీడలో బతికాం.

నిడదవోలు_నాని
మామా, బ్రౌన్ గారి న్యూయార్క్ రోజులు కూడా చెప్పాలి. 1991లో బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్ పేట అల్లర్లప్పుడు పోలీసులు సకాలంలో కదల్లేదని ఆయన మీదా మేయర్ డింకిన్స్ మీదా చాలా విమర్శలొచ్చాయి.

హ్యూస్టన్_మామ
చెప్పాలి, నిజమే. మొదటివాడని తప్పులు మాఫీ చేయక్కర్లేదు. కానీ ఒకటి గమనించా. మొదటివాడు తప్పు చేస్తే అది అతని తప్పుగా ఉండదు, అతని జాతి మొత్తానిది అయిపోతుంది. ఆ టెన్షన్ మోస్తూ పనిచేయడం మామూలు సంగతి కాదు.

ఖాకీ_వదిన
రోజూ చదవడమే కానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయాలనిపించింది.

మా స్టేషన్‌కు మొదటి ఆడ కానిస్టేబుల్‌ని నేను. ఊరి పేరు వద్దులెండి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోయేవి. టీ గ్లాసులు లెక్కపెట్టి తెప్పిస్తే ఒకటి తక్కువొచ్చేది. డ్రెస్ మార్చుకోవడానికి గది లేదు. పాత ఎఫ్ఐఆర్ కట్టలు పెట్టే రికార్డు రూములో, ఇనప బీరువా వెనక నిలబడి మార్చుకునేదాన్ని. ఆ తలుపుకు గడియ లేదు. ఒక చేత్తో తలుపు నెట్టిపట్టుకుని ఇంకో చేత్తో బెల్టు పెట్టుకోవడం నేర్చుకున్నాను. పద్నాలుగు నెలలు.

బ్యాటిల్ పడిందీ నేను పడిందీ ఒకటని అనను, ఆయనది చాలా పెద్దది. కానీ జెండాల గది అనగానే నాకు పాత కాగితాల వాసన వచ్చింది. మాట్లాడకపోవడం ఎంత బరువో బయటివాళ్లకి తెలియదు. తిడితే ఫిర్యాదు రాయొచ్చు. మాట్లాడలేదని ఎవరికి రాస్తాం?

పోరగాడు తమ్ముడూ, నువ్వన్నది కాదనను. కానీ ‘మొదటి’ అన్న మాట తేలిగ్గా తీసెయ్యకు. రెండో అమ్మాయి వచ్చినప్పుడు తలుపు పట్టుకోవడానికి నేనున్నాను.

అట్లాంటా_శిరీష
వదినా… మూడుసార్లు చదివాను.

ఓరుగల్లు_పోరగాడు
అక్కా, తేలిగ్గా తీసినట్టు అనిపిస్తే క్షమించు. నా పోట్లాట బోర్డుతోనే, ఆయనతో కాదు, నీతో అస్సలు కాదు.

ఖాకీ_వదిన
తెలుసులే తమ్ముడూ. నువ్వు అడగాలి, అడిగేవాళ్లు లేకపోతే ఇంకా పాడవుతుంది.

జెర్సీ_పంతులు
వదిన గారి రెండో అమ్మాయి మాట దగ్గర ఒకటి గుర్తొచ్చింది. గ్రాండ్ సెంట్రల్‌లో బ్యాటిల్‌కు పైవాడు, రెడ్‌క్యాపుల పెద్ద జేమ్స్ విలియమ్స్. ఆయన కొడుకు వెస్లీ విలియమ్స్ 1919లో న్యూయార్క్ అగ్నిమాపక దళంలో చేరాడు. అతను వచ్చాడని ఆ ఫైర్ స్టేషన్లో చాలామంది బదిలీ అడిగారు. ఆ కుర్రాడికి ధైర్యం చెప్పి నిలబెట్టినవాళ్లలో బ్యాటిల్ ఒకడు. మాట్లాడని మనుషుల మధ్య ఎలా ఉండాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వెస్లీ విలియమ్స్ తరవాత ఆ దళంలోనే ఆఫీసర్ హోదాకు ఎదిగాడు.

అదే 1919లో హార్లెమ్‌లో ఒక తెల్ల పోలీసును జనం చుట్టుముడితే బ్యాటిల్ దూరి బయటకు లాక్కొచ్చాడు. సార్జెంట్ పరీక్షకు తయారుచేసే క్లాసులో ఆయన్ను చేర్చుకోవడానికి తెల్లవాళ్లు ఒప్పుకున్నది ఆ తరవాతే. ఒక తెల్లవాడి ప్రాణం కాపాడితే గానీ క్లాసులో కుర్చీ దొరకలేదు.

చింతచిగురు
ఇవన్నీ ఆయన ఎక్కడైనా రాసుకున్నాడా? మనకు ఎలా తెలిశాయి?

జెర్సీ_పంతులు
రాయించుకున్నాడు. 1949లో కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌కు డబ్బిచ్చి తన జీవితం రాయించాడు. అంత పేరున్న కవి రాసినా వేసేవాళ్లు దొరకలేదు. 1966లో ఆయన పోయేనాటికి ఆ రాతప్రతి అచ్చు కాలేదు.

కృష్ణలంక_రాణి
ఇది మాత్రం నాకు అన్నిటికంటే బాధగా ఉంది. సొంత డబ్బు పెట్టి, చదవండి నాయనా అని రాయించుకుంటే, ఎవరూ అచ్చు వెయ్యలేదా!

హడ్సన్_గాలి
అందుకే బోర్డు చాలదంటున్నాను రాణి గారూ. ఆయన కోరుకున్నది పేరు కాదు, జరిగింది చెప్పుకోవాలని. అర్కాన్సాలోని ఫోర్ట్ స్మిత్‌లో బాస్ రీవ్స్‌కి 2012లో గుర్రం మీద కూర్చున్న పెద్ద కంచు విగ్రహం పెట్టారు. బానిసగా పుట్టి, 1875లో డెప్యూటీ మార్షల్ (నేరస్థులను పట్టుకొచ్చే ఫెడరల్ అధికారి) అయినవాడు. చదువు రాదు, వారెంట్లు ఎవరిచేతైనా చదివించుకుని కంఠస్థం చేసి వెళ్లి పట్టుకొచ్చేవాడు. సొంత కొడుకు మీద హత్య కేసు వారెంటు వస్తే అదీ తనే తీసుకెళ్లాడు. ఆ విగ్రహం చూసిన పిల్లలు ‘ఎవరు నాన్నా’ అని అడుగుతారు. స్తంభం మీది పేరు చూసి ఎవరడుగుతారు?

నిడదవోలు_నాని
మీరడిగారు కదండీ.

హడ్సన్_గాలి
నిన్న ఆదివారం మా అబ్బాయిని తీసుకుని మళ్లీ వెళ్లాను. పన్నెండేళ్లు వాడికి. మూల మీద బోర్డు చూపించి, నడుచుకుంటూ 135వ వీధిలో 32వ ప్రెసింక్ట్ స్టేషన్ దాకా వెళ్లాం. దారంతా చెబుతూనే ఉన్నాను, గుండె శబ్దం దగ్గర్నుంచి రివేరా ఫొటో దాకా. వాడు ఒక్కటే అడిగాడు: ‘నాన్నా, ఎవరూ మాట్లాడకపోతే ఆయన భోజనం ఎవరితో చేసేవాడు?’

నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం స్కూల్లో ఒక మనిషి గురించి రాయమన్నారట, బ్యాటిల్ గురించే రాస్తానన్నాడు. అటక గది బొమ్మ వేశాడు. చుట్టిపెట్టిన జెండాలు, మధ్యలో మంచం, మంచం మీద తెరిచిన పుస్తకం. మనిషిని వెయ్యలేదు. ఎందుకురా అంటే డ్యూటీకి వెళ్లాడు అన్నాడు.

అట్లాంటా_శిరీష
ఆ బొమ్మ ఇక్కడ పెట్టండి, ప్లీజ్.

ఓరుగల్లు_పోరగాడు
వాడి రాతలో 2013 కోర్టు తీర్పు కూడా ఒక వాక్యం పెట్టమనండి. అప్పుడు నా నోరు మూతపడుతుంది.

హడ్సన్_గాలి
పెట్టిస్తాను. ఓవర్టన్, కాబ్ పేర్లు కూడా, నాని గారి కోసం.

ఖాకీ_వదిన
హడ్సన్ గారూ, ఒక సాయం. ఆ జెండాల గది, మాట్లాడకపోవడం, రివేరా ఫొటో… ఇవి ఒక పేజీకి సరిపోయేలా తెలుగులో రాసి పెట్టగలరా? సోమవారం మా స్టేషన్‌కు ట్రైనింగ్ అయి ముగ్గురు ఆడపిల్లలు వస్తున్నారు. మొదటిరోజు వాళ్లతో కూర్చుని చదివిస్తాను.

హడ్సన్_గాలి
ఈ రాత్రికే పెడతాను వదినా. వాళ్లకి గది ఉందా?

ఖాకీ_వదిన
ఉంది. గడియ కూడా ఉంది, నేనే దగ్గరుండి వేయించాను.